కుడిచేతి గ్లౌజు

చొక్కాకి జేబు ఎడంపక్కన కుడతారు. కుడిచేత్తో తీసుకోవాలి కాబట్టి. కొడవలికి పళ్ళు కుడిచేతివాడికి తెగేలా కొడతారు. కత్తెరా అంతే. ఎడమచేతివాటం మనుషులు కూడా పుడతారని వీటిని తయారుచేసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా లెక్కచెయ్యలేదో నాకు తెలియదు. నేను మాత్రం పుట్టాను. పుట్టిన దగ్గర్నుంచీ ఇంకొకడి కోసం చేసిన సామానుతోనే బతుకుతున్నాను.

బళ్ళో మేష్టారు నా ఎడమచేతిని తువ్వాలుతో బల్లకి కట్టేసి, కుడిచేత్తో రాయరా అన్నాడు. రాసింది ఎత్తి చూపిస్తే క్లాసంతా నవ్వింది. మర్నాడు నేను బడికి వెళ్ళలేదు. రమ్మని ఎవరూ పిలవనూ లేదు.

ఇప్పుడు రావులపాలెం అరటి మార్కెట్లో షావుకారు తరఫున పనిచేస్తాను. రైతుల దగ్గర గెలలు దింపించుకుని, మంచీ చెడ్డా చూసి, లారీకి ఎక్కించేదాకా బాధ్యత నాదే. ఒక్క పని మాత్రం నాది కాదు. పొద్దున మొదటి బేరం నేను ముట్టుకోకూడదు. ఎడమచేత్తో బోణీ అయితే ఆ రోజు గెల కదలదని షావుకారుగారి నమ్మకం. "వెంకన్నా, నువ్వలా వెళ్ళి టీ తాగి రా" అంటారు. బోణీ అయ్యాక కబురు పెడతారు. ఆయన దగ్గర చేరిన నాటినుంచీ నా పొద్దు ఆ టీతోనే మొదలవుతుంది. ఇంట్లో తాగి వచ్చినా సరే, తాగాలి.

ఇలాంటి నాకు, ఎడమచెయ్యి అడ్డం రాని చోటు ఒక్కటే దొరికింది. హైవే మీద టైర్ల షాపు పైన సత్యప్రసాదు గారు పూల్ పార్లరు పెట్టారు. ఆయన హైదరాబాదులో డిగ్రీ చదివి, పొలం చూసుకోవడం ఇష్టంలేక ఈ బల్ల తెచ్చుకున్న కుర్రాయన. రెండువేల ఒకటిలో సంగతి. లారీ డ్రైవరొకడితో కలిసి ఊరికే చూద్దామని మెట్లెక్కాను. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల, రంగురంగుల బంతులు, ఆరు గుంటలు. తెల్లబంతిని కర్రతో పొడిస్తే అది వెళ్ళి మిగతావాటిని గుంటల్లోకి తొయ్యాలి. అంతే ఆట. నేను ఎడమచేత్తో కర్ర పట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ నవ్వలేదు. తెల్లబంతికి ఏ చెయ్యయినా ఒకటే.

ఏడాది తిరిగేసరికి ఆ పార్లర్లో నన్ను ఓడించగలిగినవాడు ఒక్క పెద్దిరాజు గారే. వారిది రొయ్యల చెరువుల సొమ్ము, పొద్దంతా తీరిక. నాది పని అయ్యాక మధ్యాహ్నం దొరికే కాస్త టైము. అయినా ఒకరోజు ఆయనా, ఒకరోజు నేనూ.

ఆ వేసవిలో రాజమండ్రి నుంచి కబురొచ్చింది. అక్కడి క్లబ్బువాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ పార్లర్లకి పోటీ పెడుతున్నారు. పార్లరుకి ఇద్దరు చొప్పున రావాలి. చొక్కాల వెనక ఊరి పేరు వేయించి ఇస్తారట. ఇద్దరిలో ఒకరు సత్యప్రసాదు గారే, బల్ల ఆయనది కాబట్టి. రెండోవాడు నేనో పెద్దిరాజు గారో తేలాలి. ఆదివారం పొద్దున ఇద్దరికీ ఆట. నెగ్గినవాడు రాజమండ్రి వెళతాడు.

నాకు ఏమీ పెద్ద కోరికలు లేవు. ఉన్నవి ఎప్పుడో పోయాయి. కానీ ఆ చొక్కా కావాలనిపించింది. పక్కకెళ్ళి టీ తాగి రా అనకుండా, రావయ్యా వెంకన్నా, ముందు నువ్వు కొట్టు అనే చోట ఒక్కసారి నిలబడాలనిపించింది.

సరిగ్గా అప్పుడే సత్యప్రసాదు గారు బల్లకి కొత్త బట్ట వేయించారు. మద్రాసు నుంచి మనిషి వచ్చి బిగించి వెళ్ళాడు. గోడకి అట్ట కూడా తగిలించారు. "పౌడరు వాడరాదు. బట్టకు మరక చేసినవారు ఆటకు అనర్హులు."

ఆ రెండో ముక్క నాకోసమే రాశారని చదివిన ప్రతివాడికీ తెలుసు. గెల కోసినచోట జిగురు కారుతుంది. చేతికి అంటితే నల్లగా కర పట్టేస్తుంది. కిరసనాయిలు పెట్టి రుద్దినా గోళ్ళ పక్కనా, గీతల్లోనూ ఉండిపోతుంది. ఇన్నాళ్ళూ ఆటకి ముందు అరచేతిలో ఇంత పౌడరు వేసుకుని, తెల్లగా చేసుకుని ఆడేవాణ్ణి. జిగురు చేతి మీద కర్ర జారదు. చెమట చేతి మీద అసలే జారదు. నాకు రెండూ ఉన్నాయి.

"పౌడరు వద్దంటే ఎలాగండీ ప్రసాదు గారూ?" అని అడిగాను.

"గ్లౌజు వేసుకోండి బాబాయ్ గారూ. హైదరాబాదులో అందరూ అదే వాడతారండీ. తెప్పిస్తున్నాను కదా."

తెప్పించారు. శుక్రవారం బస్సులో పార్సిలు వచ్చింది. నల్లగా, పల్చగా, సాగే బట్ట. పూర్తి గ్లౌజు కూడా కాదు. బొటనవేలికీ, చూపుడువేలికీ, మధ్యవేలికీ తొడుగు, మిగతా రెండు వేళ్ళూ బయటికే. మణికట్టు దగ్గర అంటించుకునే పట్టీ. పెద్దిరాజు గారు ఒకటి తొడుక్కుని కర్ర ఆడించి చూశారు. నూనె రాసినట్టు జారింది.

నేనొకటి తీసుకున్నాను. బొటనవేలు రావాల్సిన చోట రాలేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే. ఉన్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాను.

"ఏంటి వెంకన్నా, చీరల షాపులో ఆడోళ్ళలాగ అన్నీ విప్పి చూస్తున్నావ్?" అన్నారు పెద్దిరాజు గారు.

"ఇవన్నీ ఎడమచేతివండీ."

"మరి గ్లౌజు ఎడమచేతికే కదా వేసుకుంటారు?" అన్నారు సత్యప్రసాదు గారు.

నేను ఓపిక తెచ్చుకున్నాను. "కర్ర వెనకాల పట్టుకునే చేతికి గ్లౌజు అక్కర్లేదండీ. ముందు బట్ట మీద ఆనించి, వేళ్ళ మధ్యనుంచి కర్ర పోనిచ్చే చేతికి కావాలి. మీకు ముందుండేది ఎడమచెయ్యి. నేను ఎడమచేత్తో పొడుస్తాను. నాకు ముందుండేది కుడిచెయ్యి. కుడిచేతిది కావాలండీ."

సత్యప్రసాదు గారు నా రెండు చేతులూ మార్చి మార్చి చూశారు. ఏడాదిగా రోజూ నా ఆట చూస్తున్న మనిషి.

"షాపువాడు ఎడమా కుడా అని అడగలేదండీ. అందరికీ ఇవే ఇస్తాడట."

"అందరికీ అంటే మీకండీ."

"పోనీ ఈ ఒక్కసారికీ కుడిచేత్తో కొట్టెయ్యకూడదా వెంకన్నా?" అన్నారు పెద్దిరాజు గారు, కర్ర కొసకి చాక్ రుద్దుకుంటూ. "అన్నం ఆ చేత్తోనే తింటావు కదా."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అదే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు.

ఆదివారానికి ఇంకో పార్సిలు రాదని తేలిపోయింది. ఒకటి ఇవ్వండి, ఇంటికెళ్ళి చూసుకుంటానని తెచ్చుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ సూరమ్మ గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతోంది. ఆవిడది నరసాపురం. పుట్టింటివైపు ఆడవాళ్ళందరూ చేతిలో ఇనప సూదీ దారపు ఉండా లేకుండా కూర్చోరు. ఇక్కడికి కాపురానికొచ్చినా ఆవిడ ఆ పని మానలేదు. ఏజెంటు నెలకోసారి వచ్చి పట్టుకుపోతాడు. ఎవరో దొరల బల్లల మీద పరుస్తారట.

గ్లౌజుని తిరగేశాను. లోపలిది బయటికి తీస్తే ఎడమది కుడిది అవుతుంది కదా. అయింది. వేళ్ళు సరిగ్గా కూర్చున్నాయి. ఇంత తెలివి నాకే వచ్చిందా అని లోపల కాస్త పొంగాను కూడా. పాత చీపురుకర్ర తీసి, మంచం మీద చెయ్యి ఆనించి, వేళ్ళ మధ్యనుంచి పోనిచ్చాను. టక్కుమని ఆగింది. మళ్ళీ పోనిచ్చాను. మళ్ళీ ఆగింది. తిరగేస్తే లోపలి కుట్లన్నీ పైకొచ్చాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, కర్ర జారాల్సిన చోటే, గట్టిగా కుట్టు. సైకిలు ట్యూబుకి వేసిన అతుకులాగ పైకి లేచి ఉంది. ఆ కుట్టు కోసేస్తే గ్లౌజే రెండు ముక్కలవుతుంది.

సూరమ్మ అల్లిక ఆపి చూస్తోంది.

"చీపురు పుల్లలతో కూడా ఆడతారేంటండీ?"

"నీకెందుకు?"

"ఏదీ, ఇలా ఇవ్వండి." తీసుకుని అటూ ఇటూ తిప్పింది, కుట్టు మీద గోరుతో గీరింది. "ఇది నేను దారంతో అల్లి ఇస్తానండీ. తెల్ల మెరుపు దారం ఉంది. కన్నాలు లేకుండా దగ్గరగా లాగి అల్లితే నున్నగా వస్తుంది."

"లేసు గ్లౌజా?"

"లేసంటే లేసు కాదండీ. పువ్వులు వెయ్యనులెండి."

పార్లరు నా కళ్ళ ముందు కనబడింది. టైర్ల షాపు మేడ మీద అంతమంది మధ్య, పెళ్ళికూతురి కంకణంలాంటిది తెల్లగా చేతికి కట్టుకుని నేను. పెద్దిరాజు గారు ఒక్క మాట అంటే చాలు, ఆ మాట నేను చచ్చేదాకా మార్కెట్లో నా పేరు ముందు ఉంటుంది.

"అక్కర్లేదు. అందరికీ నల్లది ఉంది. నాకూ నల్లదే కావాలి."

ఆవిడ గ్లౌజుని పక్కన పెట్టుకుని మళ్ళీ సూది తీసుకుంది.

శనివారం మధ్యాహ్నం కట్‌పీసుల షాపుకి వెళ్ళాను. సాగే నల్లబట్ట కావాలన్నాను. వాడు మూడు రకాలు పరిచాడు. ఒకటి గరుకు. ఒకటి మందం, చేతికి వేస్తే ఉడుకెత్తిపోతుంది. మూడోది పల్చగా, నున్నగా, అచ్చం హైదరాబాదు గ్లౌజులాగే ఉంది. పిల్లల డాన్సు డ్రెస్సులకి పట్టుకెళతారట.

"రంగు దిగదు కదా?"

"ఆయ్, గ్యారంటీ అండీ. బట్ట చిరిగిపోవాలి గానీ రంగు పోదండీ."

ఆ ముక్కతో టైలరు అబ్రహాము దగ్గరికి వెళ్ళాను. వాడూ నేనూ ఒకే బళ్ళో ఒకే బెంచీ. వాడు పదిదాకా వెళ్ళాడు. నా చేతిని తువ్వాలుతో కట్టేసిన రోజు పక్కన కూర్చున్నది వాడే.

"రేపు పొద్దున్నే కావాలిరా."

"రేపు గుడికెళ్ళాలి. ఆదివారం మిషను ముట్టుకోను. ఈ పూటే కుట్టేస్తాను, కూర్చో."

కాగితం మీద నా కుడిచెయ్యి పెట్టించి చుట్టూ గీత గీశాడు. "కుట్టు ఎక్కడ రాకూడదో చెప్పు" అన్నాడు. చెప్పాను. బొటనవేలి పక్కన అతుకు లేకుండా ఒకే ముక్కగా మడిచి, కుట్టు చేతి వెనకవైపు పడేలా కత్తిరించాడు. వాడి పని బాగుంటుంది, ఆ మాట కాదనను. తొడుక్కున్నాను. వాడి దగ్గరున్న గజంకర్ర తీసుకుని పోనిచ్చి చూశాను. గాల్లో పోతున్నట్టు పోయింది. ఎంతోకాలానికి నాకోసం, నా చేతికోసం ఒక వస్తువు తయారైంది. కాసేపు విప్పబుద్ధి కాలేదు.

"ఓ పూట ఉప్పునీళ్ళలో నానబెట్టు. కొత్త రంగుబట్ట కదా" అన్నాడు అబ్రహాము.

ఇంటికి రాగానే సూరమ్మా అదే మాట. "ఇలా ఇవ్వండి, బకెట్లో ఉప్పు వేసి నానబెడతాను. కొత్త రంగుది అలా వాడెయ్యకూడదు." మా ఇళ్ళలో కొత్త లంగా కొన్నా, కొత్త లుంగీ కొన్నా ఉప్పునీళ్ళలో ఓ పూట ఉంచాకే ఒంటిమీదకి వస్తుంది. పుట్టిన పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. కానీ సాగే బట్ట. నానితే ముడుచుకుపోతే? ఆరకపోతే? పొద్దున ఆట పెట్టుకుని ఇప్పుడు దాన్ని నీళ్ళలో వేస్తానా? షాపువాడు గ్యారంటీ అన్నాడు కదా. గ్లౌజుని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆదివారం పార్లర్లో జనం బాగానే ఉన్నారు. మార్కెట్ నుంచి కూడా వచ్చారు. నా గ్లౌజు చూసి సత్యప్రసాదు గారు దగ్గరికొచ్చి పట్టుకుని చూశారు. "అచ్చం మనవాటిలాగే ఉందండీ. ఎక్కడిది?"

"కుట్టించానండీ."

"చూశారా, మనసుంటే దొరుకుతుంది" అన్నారు. ఆ మాట వినగానే కర్రతో ఎక్కడో పొడవాలనిపించింది. కర్ర కొసకి చాక్ రుద్దుకున్నాను.

ఆట మూడు. రెండు నెగ్గినవాడిదే. మొదటిది నాదే. కొట్టానా, కొడుతుంటే చెయ్యి నాది కాదన్నట్టు ఉంది. చారల బంతులు నావి, చారల్లేనివి ఆయనవి. ఒకటి పడితే ఇంకొకటి. పెద్దిరాజు గారికి కుర్చీలోంచి లేచే పని పెద్దగా పడలేదు.

"వెంకన్నకి చేతికి తొడుగు వేస్తే గానీ ఆట రాలేదర్రా" అన్నారు ఆయన. నవ్వుతూనే అన్నారు గానీ సిగరెట్టు వెలిగించి అటు తిరిగిపోయారు.

రెండో ఆట మొదలెట్టాం, కరెంటు పోయింది. మే నెల, పైన రేకులు. ఫ్యాన్లు ఆగిన ముహూర్తాన అందరి ఒంటి మీదా నీళ్ళు ధారకట్టాయి. సత్యప్రసాదు గారు కిటికీలు బార్లా తెరిపించారు. బల్ల పైనుండే ట్యూబులైట్లు లేవు, కిటికీ వెలుతురులో బంతులు కనిపిస్తున్నాయి గానీ బట్ట చీకటిగానే ఉంది.

"ఆపుదామా?" అన్నారు.

"బంతి కనబడుతోంది కదండీ. ఆడదాం" అన్నాను. ఆపితే ఈ చెయ్యి మళ్ళీ ఇలా నడుస్తుందో లేదో అని నా భయం.

ఆడాం. చెమట మోచేతి మీదనుంచి గ్లౌజులోకి కారుతోంది. గ్లౌజు తడిసిపోయింది, అయినా కర్ర జారుతూనే ఉంది. అది చూసుకుని మురిసిపోయాను, మిగతాది చూసుకోలేదు. పెద్దిరాజు గారు కూడా బాగా ఆడారు. చివరికి బల్ల మీద నల్లబంతీ తెల్లబంతీ మిగిలాయి. ఆ నల్లది గుంటలో వేసినవాడిదే ఆట. ఆయన కొట్టిన నల్లబంతి గుంట అంచుకి తగిలి వెనక్కి వచ్చింది. నా వంతు.

బల్ల మధ్యలో చెయ్యి ఆనించాను. చాలాసేపు ఆనించి ఉంచాను. తెల్లబంతి, నల్లబంతి, మూలగుంట, అంతా ఒకే గీత మీద ఉన్నాయి. కొట్టాను. నల్లబంతి మెల్లగా వెళ్ళి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, పడింది.

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. మార్కెట్ వాళ్ళు కేకవేశారు. పెద్దిరాజు గారు లేచి వచ్చి చెయ్యి చాపారు. ఆయన మర్యాద తెలిసిన మనిషి. నేనూ చాపాను, గ్లౌజు చెయ్యే. గట్టిగా పట్టుకుని ఊపారు.

"బాగా కొట్టావయ్యా" అని, చెయ్యి తీసుకుని, చెమట తుడుచుకుందామని తెల్ల ప్యాంటుకి రాసుకున్నారు. రాసుకుని కిందకి చూశారు. "ఇదేంటి వెంకన్నా?"

ప్యాంటు మీద ఊదారంగు చార. ఆయన అరచెయ్యి నేరేడుపళ్ళు పిసికినట్టుంది.

సత్యప్రసాదు గారు ఆ చెయ్యి చూశారు. నా చెయ్యి చూశారు. తర్వాత బల్ల మీదకి వంగారు. అప్పుడే కరెంటు వచ్చింది. ట్యూబులైట్లు రెండుసార్లు మిణుకుమని వెలిగాయి.

కొత్త బట్ట మీద ఎక్కడ చూసినా నా చెయ్యే. అంచుల దగ్గర, మూలల దగ్గర, తెల్లబంతి ఆగిన ప్రతిచోటా. నల్లరంగు దిగితే నల్లగా ఉండదు, ఊదాగా ఉంటుంది. చాలావాటికి వేళ్ళ కొసలే పడ్డాయి. మధ్యలో, నల్లబంతి కొట్టినచోట మాత్రం, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ, అరచేతి మొదలూ, అచ్చుగుద్దినట్టు ఉంది. అబ్రహాము కాగితం మీద గీసినదానికన్నా బాగా వచ్చింది.

ఫ్యాన్లు మళ్ళీ తిరగడం మొదలెట్టాయి.

"మద్రాసు నుంచి మనిషి రావాలండీ దీనికి" అన్నారు చివరికి సత్యప్రసాదు గారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"రంగు దిగదన్నాడండీ షాపువాడు."

"రూలు గోడ మీదే ఉందండీ బాబాయ్ గారూ. నేను రాసిన రూలు నేనే ఎలా తప్పుతాను?"

"మరక చెయ్యకూడదనే కదండీ గ్లౌజు వేసుకున్నాను. పౌడరు వద్దన్నారు, వేసుకోలేదు. గ్లౌజు అన్నారు, నా చేతికి గ్లౌజు తేలేదు. నేను కుట్టించుకున్నాను. ఆట నెగ్గాను. ఇంకేం చెయ్యాలండీ నేను?"

"నెగ్గారండీ. ఎవరు కాదన్నారు? నెగ్గారు గానీ..." అని అట్ట వైపు చూశారు.

పెద్దిరాజు గారు అప్పుడన్నారు, "పోనీలే ప్రసాదూ, వెంకన్నే వెళ్ళనీ." అన్నారు గానీ ఒక్కసారే అన్నారు. రెండోసారి అంటారేమో అని నేను చూశాను. ఆయన బాత్రూమ్‌లోకి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళారు.

ఇంటికెళ్ళి గ్లౌజుని బకెట్లో పడేశాను. నీళ్ళు ఊదాగా అయిపోయాయి. సూరమ్మ చూసింది. ఉప్పు మాట ఎత్తలేదు. ఎత్తితే నాలుగు మాటలు అనేసి ఉందును, అదీ పోయింది.

రాజమండ్రి ఆట రోజు పొద్దున, షావుకారుగారి బోణీ ఇంకా కాలేదు. నేను హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నాను. సత్యప్రసాదు గారి కారు జొన్నాడ వంతెన వైపు వెళుతూ లారీల మధ్య కాసేపు ఆగింది. కిటికీలో పెద్దిరాజు గారు. నీలం చొక్కా. నన్ను చూసి చెయ్యి ఊపారు, అభిమానంగానే. నల్ల గ్లౌజు అప్పుడే తొడుక్కుని ఉన్నారు, ఎడమచేతికి. కారు కదిలింది. చొక్కా వెనక ఊరి పేరు ఎలా వేశారో కనబడలేదు. టీ చల్లారిపోయింది.

వాళ్ళు మొదటి ఆటకే ఓడి వచ్చారని తర్వాత తెలిసింది. సంతోషం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నేను వెళ్ళినా ఓడిపోదునేమో. అది కూడా తెలుసుకోనివ్వలేదు కదా.

ఆ వర్షాకాలమంతా పార్లరు మెట్లెక్కలేదు. దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం, సూరమ్మ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. పాత పేపర్లో చుట్టి ఉంది. విప్పితే తెల్లటి గ్లౌజు. మూడు వేళ్ళకి తొడుగు, మణికట్టుకి అల్లిన తాడు. పువ్వుల్లేవు. దారం ఎంత దగ్గరగా లాగిందంటే అల్లికని తెలియడానికి కళ్ళ దగ్గర పెట్టుకోవాలి.

"ఏజెంటు పనిలో మిగిలిన దారంలెండి" అంది, నేనేదో అడిగినట్టు.

తొడుక్కోబోయాను. బొటనవేలు రాలేదు.

చూశాను. ఎడమచేతిది. నేను ఆ రోజు తన దగ్గరే వదిలేసిన హైదరాబాదు గ్లౌజుని ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూసి అల్లింది మహాతల్లి. నాతో పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి.

"ఇది కూడా ఎడమచేతిదేనే" అన్నాను. గట్టిగానే అన్నానేమో, పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

సూరమ్మ కంగారుపడలేదు. నా చేతిలోంచి తీసుకుని, సంచీని తిరగేసినట్టు లోపలిది బయటికి తీసి ఇచ్చింది. "అల్లికకి లోపలా బయటా ఉండదండీ. ఏ చేతికి కావాలంటే ఆ చేతికి."

వేలు పెట్టి తడిమి చూశాను. కుట్టు లేదు. ఎక్కడా లేదు. బొటనవేలి దగ్గరా లేదు. కుడిచేతికి సరిగ్గా కూర్చుంది.

చొక్కా వేసుకుని బయటికొచ్చేశాను.

పార్లర్లో ఇద్దరు కొత్త కుర్రాళ్ళు ఆడుతున్నారు, కాలేజీవాళ్ళు. బట్ట మార్చలేదు. మూలల మరకలు వెలిసిపోయాయి గానీ, మధ్యలో మూడువేళ్ళ చెయ్యి అలాగే ఉంది. బంతి ఎక్కడ పెట్టాలో అని ఒకడంటే ఇంకొకడు, "వెంకన్న బొటనవేలి మీద పెట్టు" అన్నాడు. వెంకన్న ఎవరో వాడికి తెలియదు. వాడు తన ఎడమచెయ్యి ఆ గుర్తు మీద పెట్టి చూసుకున్నాడు. "ఇదేంటండీ, తిరగేసి ఉంది" అన్నాడు సత్యప్రసాదు గారితో.

"తిరగేసి లేదు. అది కుడిచెయ్యి" అన్నాను నేను గుమ్మంలోంచి.

సత్యప్రసాదు గారు తలెత్తి చూశారు. లేచి ఎదురొచ్చి, "రండి రండి బాబాయ్ గారూ, ఏమైపోయారు" అంటూనే ఆయన కళ్ళు నా చేతి మీదకి వెళ్ళాయి. నేను తెల్ల గ్లౌజు తొడుక్కున్నాను. కుర్రాళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు నవ్వు దాచుకున్నాడు. దాచుకోనీ.

కర్ర తీసుకుని బల్ల మధ్యలో నా గుర్తు మీద చెయ్యి ఆనించాను. వేళ్ళకి వేళ్ళు సరిపోయాయి. కర్ర పోనిచ్చాను. సూరమ్మ దారం మీద అది ఎక్కడా తట్టుకోలేదు. చెయ్యి ఎత్తి చూపించాను, తెల్లగానే ఉంది, బట్ట మీద కొత్త మరక లేదు. మళ్ళీ ఆనించాను. ఎదుట ఆడేవాడు లేడు, రాజమండ్రి లేదు, చొక్కా లేదు.

సత్యప్రసాదు గారు దగ్గరికొచ్చి గ్లౌజుని వేలితో ముట్టుకుని చూశారు.

"ఎంత బాగుందండీ. ఇదేదో మొదట్లోనే వేసుకొచ్చి ఉంటే సరిపోయేది కదండీ?"

ఒళ్ళు భగ్గుమంది. కర్ర మాత్రం ఆగలేదు.